ఆ అంగుళంలో బాబాయి ఉన్నాడు: ఫొటోల ఆకారం వెనక లెక్క

మా అన్నయ్య గృహప్రవేశం రోజు రెండు వరసల్లో నిలబడి పదమూడు మందిమి గ్రూప్ ఫొటో దిగాం. వెనక వరసలో కుడి చివర బాబాయి. ఎడమ చివర చిన్నక్క, ఆమె ఎత్తుకున్న పిల్లాడు. కెమెరా నాదే. స్టాండ్ మీద పెట్టి, టైమర్ నొక్కి, పరుగెత్తుకెళ్లి నా చోట్లో నిలబడ్డాను. అందరూ కళ్లు తెరిచి ఉన్న ఫొటో ఒక్కటైనా దొరకడం అదృష్టం కదా, అది దొరికింది. "హాల్లో పెడదాం, 8×10 కట్టించు" అంది వదిన.

వారం తర్వాత ఫ్రేమ్ చేతికొచ్చింది. అందులో బాబాయి సగమే ఉన్నాడు. పిల్లాడు అసలు లేడు, వాడి కాలు ఒకటి మిగిలింది. స్టూడియోకి వెళ్లి గొడవ పడ్డాను. "మీ ఫొటో పొడుగుంది సార్, ఎనిమిది పదిలో పట్టదు. సిస్టమే కట్ చేసేస్తుంది" అన్నాడు అక్కడి కుర్రాడు. ముందే ఒక మాట అడిగి ఉండాల్సింది అన్న కోపం నాకు ఇప్పటికీ ఉంది. కానీ అతను చెప్పిన లెక్క మాత్రం నిజం.

నా కెమెరా తీసే ఫొటో 6000 చుక్కల వెడల్పు, 4000 చుక్కల ఎత్తు. చుక్కలంటే పిక్సెల్స్. ఈ రెండు అంకెల్నీ 2000తో భాగిస్తే 3:2 వస్తుంది. అదే యాస్పెక్ట్ రేషియో: వెడల్పు మూడు పాళ్లయితే ఎత్తు రెండు పాళ్లు అని చెప్పే నిష్పత్తి. ఇప్పుడు ఎత్తు 8 అంగుళాలు కావాలంటే వెడల్పు 12 అంగుళాలు అవ్వాలి. వదిన అడిగిన ఫ్రేమ్‌లో ఉన్నది 10. మిగిలిన రెండంగుళాలు ఇటొకటి, అటొకటి కోసేశారు. వెనక వరసలో ఏడుగురం ఉన్నాం కాబట్టి 12 అంగుళాల్లో మనిషికి వచ్చే వాటా అంగుళం మూడు పావులకి మించదు. అందులో అంగుళం పోతే బాబాయికి మిగిలింది ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఇక్కడ చాలామంది తికమక పడే విషయం ఒకటుంది. నిష్పత్తి వేరు, సైజు వేరు, మెగాపిక్సెళ్లు వేరు. చిన్న దోసె అయినా పేపర్ దోసె అయినా పెనం మీద గుండ్రంగానే ఉంటుంది. ఆకారం ఒకటే, కొలత వేరు. అలాగే 4×6 ప్రింటూ 12×18 ప్రింటూ ఒకే ఆకారం, రెండూ 3:2. 8×10 వాటి మధ్యలో ఉన్న సైజు కదా, పడుతుందిలే అనుకుంటాం. పట్టదు. దాని ఆకారం 5:4. వంద మెగాపిక్సెళ్ల కెమెరా కొన్నా బాబాయి సగమే వచ్చేవాడు, కాకపోతే ఆ సగం ఇంకా స్పష్టంగా ఉండేది.

ఒక ఆకారంలో ఉన్న ఫొటోని ఇంకో ఆకారంలో పెట్టాలంటే ఉన్నవి మూడే దారులు. అంచులు కోసి నింపడం ఒకటి. మొత్తం ఫొటోని కుదించి, మిగిలిన చోట తెల్లగానో నల్లగానో పట్టీ వదిలేయడం రెండోది. మూడోది సాగదీయడం. మూడోదాన్ని దారి అనడానికి మనసొప్పదు గానీ, మనం రోజూ చూసేది అదే. పాత సినిమా వెడల్పాటి టీవీలో వస్తున్నప్పుడు తెరంతా నిండాలని సెట్టింగ్ మారుస్తారు. 4:3 బొమ్మ 16:9 తెర మీద పరుచుకుంటుంది, అంటే ప్రతి మనిషీ ఉన్నదానికంటే మూడో వంతు ఎక్కువ వెడల్పు అవుతాడు. హీరోయిన్ నుదుటి మీద గుండ్రటి బొట్టు కోలగా కనిపిస్తే, ఎవరో బొమ్మని సాగదీశారని అర్థం. ఊళ్లో శ్రద్ధాంజలి ఫ్లెక్సీల్లో పోయినవాళ్లు బతికున్నప్పటికంటే లావుగా కనిపించడానికీ ఇదే కారణం: ఉన్నది నిలువు ఫొటో, నింపాల్సింది అడ్డం ఫ్లెక్సీ.

పుట్టిళ్లు వేరు

అసలు అందరూ కూర్చుని ఒక్క ఆకారం ఎందుకు ఖాయం చేసుకోలేదు? నేను మొదట్లో దీని వెనక ఏదో సౌందర్య శాస్త్రం ఉంటుందనుకున్నాను. 3:2 సువర్ణ నిష్పత్తికి (గోల్డెన్ రేషియో, సుమారు 1.618) దగ్గరగా ఉంటుంది కాబట్టే కంటికి ఇంపుగా ఉంటుందని కూడా చదివాను. కథ చూస్తే అలా లేదు. కనిపించేవన్నీ కత్తెరలూ రీళ్లూ యంత్రాలే.

నా కెమెరాకీ ఆ ఫ్రేమ్‌కీ పుట్టిళ్లు వేరు. 8×10 వచ్చింది పెద్ద పెట్టె కెమెరాల కాలం నుంచి. ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని వెనక నిలబడేవాడే, ఆ రకం. వాటిలో గాజు పలకలు వాడేవారు, తర్వాత షీట్ ఫిల్మ్ వచ్చింది. 4×5 అంగుళాలు, 8×10 అంగుళాలు అందులో బాగా నిలిచిపోయిన సైజులు, రెండూ 5:4 ఆకారమే. నెగెటివ్‌ని కాగితం మీద నేరుగా ఆనించి ప్రింట్ వేస్తే కాగితం సైజు కూడా అదే అవుతుంది. కాగితం సైజుని బట్టి ఫ్రేములు చేశారు. కెమెరాలు పోయాయి, ఫ్రేములు మిగిలాయి.

3:2 పుట్టింది సినిమా రీలు నుంచి. 1890ల్లో ఎడిసన్ ప్రయోగశాలలో విలియం డిక్సన్ అనే ఆయన ఈస్ట్‌మన్ కంపెనీ ఫిల్మ్‌ని నిలువునా రెండుగా చీల్చి 35 మి.మీ. వెడల్పు రీలు చేశాడు. రెండు అంచుల్లో పళ్ల చక్రం పట్టుకోవడానికి చిల్లులు పోగా మధ్యలో ఒక అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం ఎత్తు బొమ్మకి చోటు మిగిలింది. మిల్లీమీటర్లలో సుమారు 24×18. అంటే 4:3. సినిమాకి ఆ ఆకారం అలా అంటుకుంది.

ఇరవై ఏళ్లు దాటాక జర్మనీలోని వెట్జ్‌లార్‌లో, సూక్ష్మదర్శినులు తయారుచేసే లైట్జ్ కంపెనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయనకి ఆస్తమా. గాజు పలకల కెమెరా మోసుకుంటూ కొండలెక్కడం కష్టంగా ఉండేది. సినిమా రీలుతోనే పనిచేసే చిన్న కెమెరా చేద్దామనుకున్నాడు. కానీ 24×18 బొమ్మ మరీ చిన్నది, పెద్దగా ప్రింట్ వేస్తే తేలిపోతుంది. అందుకని రీలుని నిలువుగా కాకుండా అడ్డంగా నడిపి, రెండు సినిమా బొమ్మల చోటుని ఒక ఫొటోకి ఇచ్చాడు. 18కి రెండింతలు 36. అలా 24×36 వచ్చింది, అదే 3:2. తొలి నమూనా 1914 నాటికే సిద్ధం. మధ్యలో యుద్ధం వచ్చింది. చివరికి 1925లో లైకా పేరుతో బజారులోకి వచ్చింది. ఇవాళ మనం ఫుల్‌ఫ్రేమ్ అని గొప్పగా చెప్పుకునే సెన్సర్, అంటే డిజిటల్ కెమెరాలో ఫిల్మ్ బదులు బొమ్మని పట్టే పలక, ఈ 24×36 మి.మీ.యే. దానికి 'నిండు' అన్న పేరు రావడం నాకెప్పుడూ నవ్వు తెప్పిస్తుంది, ఒకప్పుడు ఇదే అందరూ చిన్నచూపు చూసిన బుల్లి సైజు.

దీన్ని మార్చాలని చూసినవాళ్లు లేకపోలేదు. 1948లో నికాన్ తన మొదటి కెమెరాని 24×32 మి.మీ. బొమ్మతో చేసింది. ఆకారం 4:3. మామూలు రీలులో 36 ఫొటోలు పడితే ఇందులో 40 పడేవి. యుద్ధంలో చితికిపోయిన జపాన్‌లో ఫిల్మ్ ఎంత ఆదా అయితే అంత మంచిదే కదా. కానీ అమెరికాలో ప్రొజెక్టర్‌లో వేసి చూసే కలర్ స్లైడ్లని కోసి అట్టల్లో బిగించే యంత్రాలు 36 మి.మీ. బొమ్మకి తగ్గట్టు అమర్చి ఉన్నాయి. నికాన్ బొమ్మల్ని అవి తప్పుడు చోట కోస్తాయి. అప్పటికి జపాన్ అమెరికా సైన్యం అజమాయిషీలో ఉంది, ఆ దేశానికి ఎగుమతి చేసుకోవడానికి అనుమతి దొరకలేదు. తర్వాతి మోడల్‌లో 24×34కి జరిగారు. 1954కి వచ్చేసరికి దారికొచ్చి 24×36 చేశారు. ఒక కోత యంత్రం ముందు ఒక కెమెరా కంపెనీ తలవంచిన కథ ఇది. ఫొటోల ఆకారాల గురించి నాకు తెలిసినవాటిలో ఇంతకంటే బాగా విషయం విప్పి చెప్పే సంగతి లేదు.

మన ఇళ్లలో పాత ఆల్బమ్ తెరిస్తే నలుపు తెలుపు చదరపు ఫొటోలు కనిపిస్తాయి, గమనించారా? అవి ఎక్కువగా '120' అనే వెడల్పాటి రకం రీలుతో తీసినవి. స్టూడియోల్లో రెండు కళ్ల కెమెరాలుండేవి, పైనున్న లెన్స్‌తో చూడటం, కింది లెన్స్‌తో తీయడం. దాన్ని పొట్ట దగ్గర పెట్టుకుని, తల వంచి పైనుంచి అద్దంలోకి చూడాలి. నిలువు ఫొటో కోసం ఆ కెమెరాని పక్కకి తిప్పితే చూడటమే కుదరదు. ఆకారమే చదరం అయితే తిప్పే పనే లేదు. ఇళ్లలో వాడిన అగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాలదీ అదే చదరం, రీలుకి పన్నెండు ఫొటోలు.

టీవీ నుంచి జేబులోకి

సినిమా 4:3 ఆకారాన్ని టీవీ తీసుకుంది. టీవీ గాజు గొట్టాలనే కంప్యూటర్ మానిటర్లూ వాడుకున్నాయి. 640×480, 1024×768 గుర్తున్నవాళ్లు భాగించి చూడండి, 4:3 వస్తుంది. కంప్యూటర్ తెర మీద చూసుకోవడానికే కదా అని తొలినాటి చిన్న డిజిటల్ కెమెరాలు ఆ ఆకారాన్నే పట్టుకున్నాయి. వాటి వారసత్వం ఫోన్లకి వచ్చింది. మీ జేబులో ఉన్న ఫోన్ సెన్సర్ ఇవాళ కూడా దాదాపుగా 4:3యే. డిక్సన్ రీలు చీల్చి నూట ముప్పై ఏళ్లు దాటింది.

ఈలోపు సినిమా మాత్రం ఆ ఆకారాన్ని వదిలేసింది. ఇంటింటికీ టీవీ వచ్చి హాళ్లు ఖాళీ అవుతుంటే, టీవీలో దొరకనిది చూపించాలని 1953లో హాలీవుడ్ సినిమాస్కోప్ తెచ్చింది. తెలుగులో ఆ వెడల్పు తెర 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. ఎత్తు ఒకటైతే వెడల్పు రెండుంపావుకి పైనే.

మరి 16:9 ఎవరిది? ఇదొక రాజీ. 1980ల్లో హెచ్‌డీ టీవీకి ఆకారం వెతుకుతున్నప్పుడు కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజనీరు, వాడుకలో ఉన్న తెరల ఆకారాలన్నిటినీ ఒకే వైశాల్యంలో గీసి, మధ్యబిందువులు కలిసేలా ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. అన్నిటినీ చుట్టేసే బయటి చట్రం 1.77 వచ్చింది. అన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్న లోపలి భాగం కూడా 1.77యే వచ్చింది. 16ని 9తో భాగిస్తే అంతే. ఎవరి సినిమా వేసినా నల్ల పట్టీలు మరీ ఎక్కువ పడని మధ్యేమార్గం అన్నమాట. ఎవరికీ పూర్తిగా సరిపోదు, ఎవరికీ పూర్తిగా అన్యాయం జరగదు.

ఇందులో ఒక తమాషా లెక్క దాగుంది. 4:3ని దానితోనే గుణిస్తే 16:9 వస్తుంది. దీనివల్ల ఫోన్‌లో జరిగేది చూడండి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటో 4032×3024 ఉంటుంది. కెమెరా యాప్‌లో 16:9 ఎంచుకుంటే చాలా ఫోన్లు చేసేది ఒక్కటే, పైనా కిందా కోసి 4032×2268 ఇవ్వడం. చదరం ఎంచుకుంటే పక్కలు కోసి 3024×3024 ఇస్తాయి. రెండు చోట్లా సరిగ్గా నాలుగో వంతు పోయింది, రెండు చోట్లా మిగిలింది సుమారు 9 మెగాపిక్సెళ్లే. 16:9 పెడితే 'ఎక్కువ వస్తుంది' అని మా కజిన్ ఒకడు గట్టిగా నమ్ముతాడు. వెడల్పులో ఒక్క చుక్క కూడా ఎక్కువ రాదు, ఎత్తులో పోతుంది. తెరంతా నిండే 'ఫుల్' మోడ్ ఇంకా ఘోరం: 20:9 తెర ఉన్న ఫోన్‌లో అది సెన్సర్ పట్టిన బొమ్మలో నూటికి 40 పాళ్లు పారేస్తుంది. తీసేటప్పుడు తెర నిండా కనిపిస్తుంది కాబట్టి ఘనంగా అనిపిస్తుంది, అంతే. అందుకే నా ఫోన్ ఎప్పుడూ 4:3లోనే ఉంటుంది, కోసేది తర్వాత నేను కోసుకుంటాను. కెమెరాలతో ఒక వెసులుబాటు ఉంది. చదరం పెట్టి తీసినా, రా ఫైలు (సెన్సర్ పట్టింది పట్టినట్టే దాచే ఫైలు) కూడా ఉంచుకుంటే చాలా కెమెరాలు అందులో మొత్తం బొమ్మని ఉంచుతాయి.

కోత పెట్టే చేతులు

ఫొటో తీసినవాడు ఒకడు, కోసేవాళ్లు పదిమంది. ఇన్‌స్టాగ్రామ్ 2010లో మొదలైనప్పుడు చదరం తప్ప ఇంకోటి ఒప్పుకోలేదు. 2015లో నిలువు, అడ్డం ఫొటోలకి తలుపు తీసింది, నిలువైతే 4:5 వరకే. 3:2 కెమెరాని నిలువుగా తిప్పి తీసిన ఫొటో అక్కడ పెడితే ఎత్తులో ఆరో వంతు పోయేది. 2025లో ప్రొఫైల్ పేజీలోని చదరపు గళ్లని 3:4 నిలువు గళ్లుగా మార్చేశారు. మూడేసి గళ్లని ఒక బొమ్మలా అందంగా పేర్చుకున్నవాళ్లందరి ఏర్పాటూ ఒక్క రోజులో చెదిరింది. వాట్సాప్ డీపీ అయితే ముందు చదరంగా కోయించి, తర్వాత గుండ్రంగా చూపిస్తుంది. చదరంలోంచి గుండ్రం తీస్తే మూలల్లో ఐదో వంతుకి పైగా పోతుంది. దంపతుల డీపీల్లో ఇద్దరి చెవులూ చెరొకటి మాయమవ్వడం దీనివల్లే.

అమెరికా వీసాకి ఫొటో కావాల్సిన ఇల్లు తెలుగునాట ప్రతి వీధిలోనూ ఉంది కాబట్టి ఇది కాస్త వివరంగా చెప్తాను. మనం పాస్‌పోర్ట్ సైజు అనేది మామూలుగా 35×45 మి.మీ., నిలువు ఆకారం. అమెరికా వీసాకి అడిగేది రెండంగుళాల చదరం. అందులో గడ్డం నుంచి నడినెత్తి దాకా తల, ఫొటో ఎత్తులో సగం నుంచి 69 శాతం లోపు ఉండాలి. నిలువు ఫొటోని చదరం చేయాలంటే పైనా కిందా కోయాలి. అప్పటికే ముఖం దగ్గరగా పెట్టి కోసిన ఫొటో అయితే తల మరీ పెద్దదైపోతుంది. పక్కన చోటు కావాలి, కోసేసిన ఫైల్లో ఆ చోటు లేదు. కాబట్టి స్టూడియోలో ప్రింట్లతో పాటు కోయని అసలు ఫైలు అడిగి తీసుకోండి. మళ్లీ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లే పని తప్పుతుంది.

పెళ్లి ఆల్బమ్ ఇంకో లోకం. ఇప్పుడు ఎక్కువగా చేయించుకునే ఆల్బముల్లో ఒక పరుపు, అంటే తెరిచిన రెండు పేజీలూ కలిపి, 12×36 అంగుళాలు. ఆకారం 3:1. కెమెరా ఫొటోని ఆ వెడల్పంతా పరిస్తే ఎత్తు 24 అంగుళాలు రావాలి, ఉన్నది 12. సగానికి సగం పోతుంది. డిజైనర్లు ఒక పక్క పెద్ద ఫొటో, మరో పక్క చిన్నవి, వెనకాల మబ్బులో పూలో పెట్టేది మోజుతో మాత్రమే కాదు, ఆ ఖాళీ నింపక తప్పదు. పని తెలిసిన ఫొటోగ్రాఫర్ అయితే మండపం మొత్తం వచ్చేలా, మనుషుల పైనా కిందా బోలెడు ఖాళీ వదిలి కొన్ని ఫొటోలు కావాలనే తీస్తాడు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కన ఉండేలా కూడా చూస్తాడు. మధ్యలో మడత వస్తుంది, తలంబ్రాలు పోసే చేయి ఆ మడతలో పడితే ఏం బాగుంటుంది.

ప్రింట్ల లెక్క పెద్దదేం కాదు. కెమెరా ఫొటోకి 4×6, 8×12, 12×18 అచ్చంగా సరిపోతాయి. 5×7లో వెడల్పు కొంచెం పోతుంది, 8×10లో బాగా పోతుంది. ఫోన్ ఫొటోకి 6×8 అచ్చంగా కుదురుతుంది. ఫోన్ ఫొటోని 4×6 వేయిస్తే కోత పడేది పక్కలకి కాదు, తలలకీ కాళ్లకీ: ఎత్తులో తొమ్మిదో వంతు. జిరాక్స్ షాపులో దొరికే ఏ4 వీటిలో దేనికీ చెందదు, దాని నిష్పత్తి 1.414. మధ్యకి మడిస్తే అదే ఆకారంలో చిన్న కాగితం రావాలని అలా పెట్టారు, ఫొటోలతో దానికి సంబంధం లేదు.

ఏ దృశ్యానికి ఏ ఆకారం బాగుంటుంది అని అడిగితే నాకు ఖచ్చితమైన ఇష్టాలున్నాయి, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఒక్క మనిషి ముఖానికి నిలువు 3:2 నాకు నచ్చదు. మరీ పొడుగు, నెత్తి మీద అనవసరమైన ఆకాశం వచ్చి పడుతుంది. 4:5 అయితే నిండుగా ఉంటుంది; ఆ గాజు పలకల కాలం వాళ్లకి ఈ ఒక్క విషయంలో దణ్ణం పెడతాను. గుడి గోపురానికి నిలువు 3:2 హాయిగా సరిపోతుంది. వాకిట్లో ముగ్గుకి చదరం. రాజమండ్రిలో గోదావరి మీది వంతెనకి 16:9 కూడా చాలదు. పైన ఆకాశం, కింద నీళ్లు సగానికి పైగా కోసేస్తేనే దాని పొడుగు తెలుస్తుంది.

బాబాయి ఫొటోని మళ్లీ 8×12లో వేయించాను. ఆ సైజు ఫ్రేమ్ షాపులో సిద్ధంగా లేదు, కొలతిచ్చి చేయించాల్సి వచ్చింది. డబ్బులు కాస్త ఎక్కువయ్యాయి, పది రోజులు పట్టింది. పదమూడు మందీ ఉన్నారు, పిల్లాడితో కలిపి పద్నాలుగు. మొన్న వచ్చినప్పుడు బాబాయి దాని ముందు చాలాసేపు నిలబడి, "అందరూ బానే ఉన్నారు గానీ, నన్నొక్కణ్నీ ఇంత లావుగా తీశావేంట్రా" అన్నాడు. అది కూడా నిజమే. ఎక్కువ దృశ్యం పట్టే వైడ్ లెన్స్‌తో తీస్తే అంచున నిలబడ్డవాళ్లు సాగుతారు. ఆ సంగతి చెప్పబోయాను గానీ, ఆయన అప్పటికే కాఫీ కోసం వంటింట్లోకి వెళ్లిపోయాడు.